మాథ్యూ స్ట్రీట్‌లో పద్దెనిమిది మెట్లు

లివర్‌పూల్ నడిబొడ్డున మాథ్యూ స్ట్రీట్ అనే ఇరుకు సందు ఉంది. 1962లో ఆ సందుకు రెండు పక్కలా పండ్ల, కూరగాయల గిడ్డంగులు ఉండేవి. తెల్లవారుజామునే లారీలు వచ్చి సరుకు దించి వెళ్లేవి. మధ్యాహ్నానికి రాతి బాటమీద చితికిన పండ్లూ క్యాబేజీ ఆకులూ మాత్రం మిగిలేవి. పదో నంబరు గిడ్డంగి కింద పద్దెనిమిది మెట్లు దిగితే, బీటిల్స్ బృందం పాడే కావెర్న్ క్లబ్ వచ్చేది. పక్కపక్కనే మూడు ఇటుక సొరంగాలు, వాటిని కలుపుతూ వంపు ద్వారాలు, మధ్య సొరంగం చివర చిన్న చెక్క వేదిక, అంతే ఆ క్లబ్బు. గాలి వచ్చే దారి లేదు. వందలమంది ఊపిరి, చెమట ఆవిరై పైకప్పుకు తగిలి గోడల వెంట నీరై కారేది. పైకప్పు సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలి జుట్టుమీద పడేది. కుళ్లిన పండ్ల వాసన, సిగరెట్ పొగ, వీటన్నిటి మీదా ఘాటైన క్రిమిసంహారక మందు వాసన కలిసి బట్టలకు పట్టుకుంటే నాలుగు రోజులైనా వదిలేది కాదు. నాకిప్పుడు ఎనభై తొమ్మిదేళ్లు. చాలా సంగతులు మరిచిపోయాను గానీ ఆ వాసన ఇవాళ్టికీ గుర్తుంది.

నేను వైద్య విద్య పూర్తిచేసి, ఉష్ణమండల వ్యాధులలో డిప్లొమా కోసం 1962 సెప్టెంబరులో లివర్‌పూల్ చేరాను. ఆ రోజుల్లో యాంకర్ లైన్ వారి ఓడలు బొంబాయి నుంచి సూయజ్ కాలువ మీదుగా నేరుగా లివర్‌పూల్ రేవుకు నడిచేవి. పెంబ్రోక్ ప్లేస్‌లోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరడం నాకెంతో గర్వంగా ఉండేది. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని 1897లో మన సికింద్రాబాదులో కనిపెట్టిన రోనాల్డ్ రాస్ ఆ తర్వాత పాఠాలు చెప్పింది ఆ స్కూల్లోనే. అంతదూరం వెళ్లి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, మన ఊళ్లలో నిత్యం చూసే జ్వరాల గురించే చదువుకోవడం మాత్రం కొత్తగా అనిపించేది.

నేను అద్దెకున్న ఇంటావిడకు పద్దెనిమిదేళ్ల కొడుకు ఉండేవాడు. రేవు దగ్గర ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసేవాడు. నన్ను 'డాక్' అని పిలిచేవాడు. మంచం కింద 'మెర్సీ బీట్' పత్రిక సంచికలను దొంతరగా పేర్చి ఉంచుకునేవాడు. బిల్ హ్యారీ అనే యువకుడు 1961 జులైలో మొదలుపెట్టిన ఆ పత్రిక నిండా ఊరి సంగీత బృందాల కబుర్లే ఉండేవి. మధ్యాహ్నం భోజన విరామంలో సెంట్రల్ లివర్‌పూల్ గుమాస్తాలూ, టైపిస్టులూ, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలూ కావెర్న్‌కు వెళ్లి సూపో రొట్టెముక్కో తింటూ గంటసేపు పాటలు విని పనిలోకి వెళ్లేవారు. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. సెప్టెంబరు నెలాఖరులో ఒక రోజు ఆ కుర్రవాడు బీటిల్స్ పాట వినడానికి నన్నూ వెంట తీసుకెళ్లాడు. పెంబ్రోక్ ప్లేస్ నుంచి లండన్ రోడ్డు మీదుగా, సెయింట్ జార్జ్ హాలు దాటి, వైట్‌చాపెల్‌లోకి దిగి మాథ్యూ స్ట్రీట్ చేరడానికి ఇరవై నిమిషాల నడక.

మొదటి రోజు నాకేమీ వినిపించలేదనే చెప్పాలి. మెట్లు దిగగానే కళ్లద్దాలు ఆవిరితో మసకబారాయి. తుడుచుకునే లోపల శబ్దం వచ్చి గుండెలమీద గుద్దినట్టయింది. తెనాలి ప్రాంతంలో పెరిగినవాణ్ణి. నాన్నగారి వెంట రాత్రి తెల్లవార్లూ పద్యనాటకాలు చూసినవాణ్ణి. హార్మోనియం శ్రుతిలో పద్యం ఎత్తుకుని, రాగం సాగదీసి, జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదటి నుంచీ అందుకునే పాటగాళ్లకు అలవాటుపడిన నా చెవికి ఆ మూడు గిటార్లూ డ్రమ్ములూ ఒక్క రణగొణ ధ్వనిగా తోచాయి. పది నిమిషాల్లో పైకి వచ్చేశాను. కుర్రవాడు ఏమీ అనలేదు. మరుసటి వారం మళ్లీ పిలిచాడు. ఒంటరితనం వల్లనే మళ్లీ వెళ్లానని ఒప్పుకుంటాను. ఆ నగరంలో నన్ను రమ్మని పిలిచిన మనిషి అతనొక్కడే.

రెండోసారి వేదికకు దగ్గరగా, పక్క సొరంగపు వంపు కింద నిలబడ్డాను. అప్పుడు వినిపించింది. ఇద్దరు ఒకే మైకు ముందు మొహాలు దగ్గర చేర్చి పాడుతుంటే, మూడోవాడు వచ్చి చేరగానే మూడు గొంతులూ మూడు వేర్వేరు స్వరస్థానాల్లో ఉంటూనే ఒక్క గొంతులాగా కలిసిపోయాయి. మన సంగీతంలో ఇటువంటిది లేదు. శ్రుతి ఇంత శుద్ధంగా పట్టుకోగలిగినవాళ్లు ఇంత పెద్దగా ఎందుకు అరుస్తున్నారన్న ప్రశ్నతో మొదలైన నా వినికిడి, కొన్ని వారాలకు ఆ అరుపు కూడా పాటలో భాగమేనన్న చోటికి చేరింది. ఎడమచేతి వాటంవాడైన పాల్ మెకార్ట్‌నీ బాస్ గిటారును తిరగేసి పట్టుకునేవాడు. కుడివైపు కాళ్లు ఎడంగా పెట్టి, తల కాస్త వెనక్కి వంచి నిలబడే జాన్ లెనన్ కళ్లద్దాలు పెట్టుకోకపోవడం వల్ల ఎదుట ఉన్నవారు కూడా సరిగ్గా కనబడని మనిషి. ఇది వైద్యుడిగా నాకు వెంటనే తెలిసింది. జార్జ్ హారిసన్ అందరికంటే చిన్నవాడు, ఎప్పుడూ తన వేళ్లవైపే చూసుకునేవాడు. వెనకాల కొత్తగా వచ్చిన రింగో స్టార్. అతనిదీ ఎడమచేతి వాటమే. కానీ కుడిచేతివాళ్లకోసం అమర్చిన డ్రమ్ములనే వాయించేవాడు. అందువల్ల ఒక డ్రమ్ము నుంచి మరో డ్రమ్ముకు వెళ్లేటప్పుడు దెబ్బ మనం అనుకున్న చోట కాక, రవ్వంత తర్వాత పడేది. ఆ రవ్వంత ఆలస్యం నాకెంతో నచ్చేది.

గోడల తేమ వల్ల అప్పుడప్పుడు ఫ్యూజులు పోయేవి. ఆంప్లిఫయర్లు మూగబోతే ఇతర బృందాలు దిక్కుతోచక నిలబడేవట. వీళ్లు మాత్రం పియానో దగ్గరకు వెళ్లి పాత పాటలు అందుకునేవారు, టెలివిజన్‌లో వచ్చే రొట్టెల ప్రకటన పాటను జనంచేత పాడించేవారు. కరెంటు వచ్చేదాకా ఒక్క మనిషి కదిలేవాడు కాదు.

ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో కుర్రవాడు నాకు ముక్కలు ముక్కలుగా, నడుస్తున్న దారిలో చెప్పాడు. 1957 జులై 6న వూల్టన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి తోటలో జరిగిన వేడుకలో లెనన్ తన క్వారీమెన్ బృందంతో పాడుతుండగా, ఒక స్నేహితుడు పదిహేనేళ్ల మెకార్ట్‌నీని వెంటబెట్టుకొచ్చి పరిచయం చేశాడు. అప్పుడు వాళ్లు వాయించేది స్కిఫుల్. బట్టలుతికే రేకు పలకను వేళ్ల తొడుగులతో గీకుతూ, తేయాకు పెట్టెకు కర్ర, తాడు కట్టి బాస్ వాయిద్యంగా వాడుకుంటూ, డబ్బులేని పిల్లలందరూ వాయించగలిగిన సంగీతం అది. మరుసటి ఏడు మెకార్ట్‌నీ తన బడి స్నేహితుడు హారిసన్‌ను తీసుకొచ్చాడు. రాత్రివేళ బస్సు పై అంతస్తులో గిటారు మీద ఒక కష్టమైన బాణీ తప్పులేకుండా వాయించి చూపి ఆ పిల్లవాడు బృందంలో చోటు సంపాదించుకున్నాడు. తర్వాత పేర్లు మారాయి. వెస్ట్ డెర్బీలో మోనా బెస్ట్ అనే ఆవిడ 1959 ఆగస్టులో తన ఇంటి నేలమాళిగలో తెరిచిన కాస్బా కాఫీ క్లబ్బు వాళ్లకు ఆశ్రయమైంది. ఆవిడ కొడుకు పీట్ బెస్ట్ డ్రమ్ములు వాయించడానికి చేరాడు. ఇవన్నీ కుర్రవాడు తన సొంత చుట్టాల కథల్లా చెప్పేవాడు.

నన్ను కదిలించింది హాంబర్గ్ కథ. 1960 ఆగస్టులో వాళ్లు ఒక పాత వ్యానులో జర్మనీ వెళ్లారు. అప్పటికి లివర్‌పూల్‌లో వాళ్లకు పెద్ద పేరు లేదు. ముందే హాంబర్గ్‌లో ఉన్న మరో లివర్‌పూల్ బృందం, ఇటువంటివాళ్లను పంపితే ఇక్కడి పని చెడుతుందని అభ్యంతరం కూడా చెప్పింది. ఇంద్ర అనే చిన్న క్లబ్బులో మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరు గంటలు వాయించాలి. పడుకోవడానికి బాంబి కినో అనే సినిమా హాలు తెర వెనక కిటికీ లేని గది. వేడి నీళ్లు లేవు, ఎదుట తాగి ఉన్న నావికులు. యజమాని బ్రూనో కోష్‌మీడర్ 'మాక్ షావ్' అని, అంటే ఇంకా ఆడండి, ఇంకా చూపించండి అని కేకలు వేసేవాడు. ఆ మొదటి విడతలోనే వాళ్లు నూరు రాత్రులకు పైగా వాయించారు. తెల్లవారేదాకా ఆట నడపాలంటే నటుడికి ఎన్ని పద్యాలు నోటికి రావాలో, గొంతు ఎక్కడ దాచుకోవాలో, నిద్రపోతున్న జనాన్ని ఎట్లా లేపాలో మా ఊరి నాటకాల వాళ్లను చూసి నాకు తెలుసు. కాబట్టి ఆ కథ వినగానే వాళ్ల పాట నాకు అర్థమైంది. ఆరు గంటలు నింపాలంటే తెలిసిన పాటలు చాలవు. అందుకే వాళ్లు దొరికిన ప్రతి పాటా నేర్చుకున్నారు, ఒక్కో పాటను సాగదీశారు, అందరూ పాడటం నేర్చుకున్నారు.

ఆ యాత్ర అవమానంతో ముగిసింది. పదిహేడేళ్ల హారిసన్ రాత్రిపూట పనిచేయడానికి తగిన వయసువాడు కాదని జర్మనీ అధికారులు పంపేశారు. గదిలో నిప్పంటించారన్న ఆరోపణ మీద మెకార్ట్‌నీనీ బెస్ట్‌నూ పంపేశారు. మిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరుగా తిరిగొచ్చారు. కానీ 1960 డిసెంబరు 27న లిథర్‌ల్యాండ్ టౌన్ హాల్లో వాళ్లు వాయించిన రాత్రి కుర్రవాడు అక్కడే ఉన్నాడు. హాంబర్గ్ నుంచి నేరుగా వచ్చిన బృందమని ప్రకటించడంతో జనం వాళ్లను జర్మన్లనుకున్నారు. మెకార్ట్‌నీ మొదటి పాట ఎత్తుకోగానే నృత్యం చేస్తున్నవాళ్లు ఆగిపోయి వేదికవైపు పరుగెత్తారట. ఆ సంగతి చెప్పేటప్పుడు, రెండేళ్ల తర్వాత కూడా, కుర్రవాడి గొంతు బొంగురుపోయేది. 1961 ఫిబ్రవరిలో వాళ్లు కావెర్న్‌లో మొదలుపెట్టి, రెండున్నరేళ్లలో అక్కడ మూడు వందల సార్లకు కాస్త తక్కువగా వాయించారు.

నేను వైద్యుణ్ణి. ఈ కథను సంగీతం వైపు నుంచి విన్నదానికంటే మరోవైపు నుంచి ఎక్కువగా విన్నాను. మెకార్ట్‌నీ తల్లి నర్సుగా, మంత్రసానిగా పనిచేసిన మనిషి. రొమ్ము క్యాన్సర్‌తో 1956 అక్టోబరులో చనిపోయింది. అతనికి పద్నాలుగేళ్లు. లెనన్‌కు మొదటి తీగల పాఠం బాంజో మీద చెప్పిన తల్లి జూలియా 1958 జులైలో మెన్‌లవ్ అవెన్యూ దాటుతూ కారు గుద్ది చనిపోయింది. అతనికి పదిహేడేళ్లు. హాంబర్గ్‌లో బాస్ గిటారు వాయించిన చిత్రకారుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ మెదడులో రక్తస్రావమై 1962 ఏప్రిల్‌లో ఇరవై ఒక్క ఏళ్లకు కన్నుమూశాడు. నేను ఆ ఊరికి వెళ్లడానికి అయిదు నెలల ముందు జరిగిన సంగతి అది. ఇక రింగో, అసలు పేరు రిచర్డ్ స్టార్కీ, డింగిల్ పేటలో పుట్టినవాడు. ఆరేళ్ల వయసులో అపెండిక్స్ పగిలి, పెరిటొనైటిస్ అనే కడుపు లోపలి పొర వాపుతో స్పృహ తప్పి, మర్టిల్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో దాదాపు ఏడాది గడిపాడు. పదమూడేళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో మళ్లీ మంచం పట్టి, హెస్‌వాల్‌లోని ఆసుపత్రిలో సుమారు రెండేళ్లు ఉన్నాడు. చదువు అక్కడితో ఆగిపోయింది. పిల్లలను ఉత్సాహపరచడానికి ఆసుపత్రిలో ఏర్పాటుచేసిన వాద్యబృందంలో డ్రమ్ము చేతికి అందింది. మంచం పక్కనున్న అల్మారాను కూడా వాయించేవాడట.

ఆ సంగతి తెలిసిన తర్వాత నేను రోగుల మంచాల మధ్య నడిచేటప్పుడు ఎవరైనా పిల్లవాడు చెంచాతో ఇనప చువ్వను కొడుతుంటే వద్దనలేకపోయేవాణ్ణి. అంతకుముందు అనేవాణ్ణి. నర్సులు నావైపు ఆశ్చర్యంగా చూసేవారు. పెరిటొనైటిస్ నుంచి ఆరేళ్ల పిల్లవాడు బతికి బయటపడటం 1947లో ఎంత కష్టమో నాకు తెలుసు. కావెర్న్‌లో పక్క సొరంగం నుంచి చూస్తూ, ఉంగరాల వేళ్లతో తల ఊపుతూ వాయించే ఆ మనిషి పొట్టమీద మచ్చ ఎంత పొడవు ఉంటుందో అని ఆలోచించేవాణ్ణి.

కుర్రవాడికి రింగో అంటే పడేది కాదు. 1962 ఆగస్టు 16న పీట్ బెస్ట్‌ను బృందం నుంచి తొలగించారు. ఆ కబురు అతనికి చెప్పింది మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్. రెండేళ్లు కలిసి తిరిగిన స్నేహితులు ఎదురుగా నిలబడి చెప్పలేదు. కావెర్న్ బయట నిరసనలు జరిగాయి, హారిసన్ కంటికి దెబ్బ తగిలింది. రికార్డింగుకు బెస్ట్ వాయింపు సరిపోదని పార్లోఫోన్ రికార్డు కంపెనీ నిర్మాత జార్జ్ మార్టిన్ అభిప్రాయపడ్డాడు. నిజమే కావచ్చు. నేను బెస్ట్ వాయించగా వినలేదు కాబట్టి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. రింగో రాకతో ఆ సంగీతం కుదుటపడిందనడంలో మాత్రం నాకు సందేహం లేదు. అయినా, మొదటి రికార్డు విడుదలకు సుమారు ఏడు వారాల ముందు బయటకు పంపబడిన ఆ మనిషి తల్లి ఇంటి నేలమాళిగలోనే వీళ్లు నిలదొక్కుకున్నారన్న సంగతి కుర్రవాడు మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వలేదు. కోపంలో కూడా అతను ఒక్క మధ్యాహ్నం మానలేదు.

వాళ్లకు అమెరికా పాటలు ఓడల్లో పనిచేసే నావికులు తెచ్చి ఇచ్చేవారని ఊళ్లో అందరూ చెప్పుకునేవారు. రేవు నగరం కాబట్టి ఆ మాట వినడానికి బాగుంటుంది. కానీ వైట్‌చాపెల్‌లో ఎప్‌స్టీన్ కుటుంబానికి చెందిన నెమ్స్ దుకాణంలో రికార్డులు వినే గదులు ఉండేవి. మధ్యాహ్నాలు ఊరి గిటారు కుర్రాళ్లందరూ అక్కడే కనబడేవారు. రికార్డుల రెండోవైపు ఉన్న, ఎవరూ పట్టించుకోని పాటలను వెతికి నేర్చుకునేవారు. ఇటువంటి బృందాలు నిలబడటానికి నాకు తోచిన మరో కారణం, నిర్బంధ సైనిక సేవ 1960తో ఆగిపోవడం. అంతకు కొన్నేళ్ల ముందు పుట్టి ఉంటే లెనన్ ఒక బ్యారక్‌లో, స్టార్కీ మరో బ్యారక్‌లో ఉండేవారు. వాయిదాల పద్ధతిలో గిటార్లు దొరకడం కూడా తోడైంది.

ఎప్‌స్టీన్ 1961 నవంబరు 9న, సూటూ టైతో అవే మెట్లు దిగి వాళ్లను మొదటిసారి విన్నాడు. 1962 జనవరి 1న డెక్కా కంపెనీ లండన్‌లో పరీక్షించి వద్దంది. చివరికి పార్లోఫోన్ ఒప్పుకుంది. అక్టోబరు 5, శుక్రవారం, 'లవ్ మీ డూ' విడుదలైంది. ఎర్ర లేబులున్న ఆ చిన్న రికార్డును కుర్రవాడు కోటు లోపల దాచుకుని తెచ్చాడు. ఇంటావిడ వంటగదిలో ముగ్గురం కూర్చుని విన్నాం. మౌతార్గాన్‌తో మొదలైంది. రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు దిగులు వేసింది. ఆ గోడలు, ఆ చెమట, గుండెలమీద పడే ఆ దెబ్బ అందులో లేవు. చీపురుతో ఊడ్చి తుడిచిన గదిలో నిలబెట్టి పాడించినట్టుంది. కుర్రవాడు మాత్రం లేబుల్ మీద బ్రాకెట్లలో లెనన్, మెకార్ట్‌నీల పేర్లు చూపించి, వేరేవాళ్ల పాట కాదు డాక్, వాళ్లు రాసుకున్నదే అన్నాడు. దేశవ్యాప్త పట్టికలో అది పదిహేడో స్థానం వరకు వెళ్లింది.

ఆ ఏడు క్రిస్మస్ మరుసటి రోజు పడిన మంచు మార్చిదాకా కరగలేదు. గ్యాసు మీటరులో షిల్లింగులు వేసీ వేసీ నా జీతం కరిగిపోయేది. 1963 జనవరి 19, శనివారం సాయంత్రం వాళ్లు దేశమంతటికీ చేరే టెలివిజన్ కార్యక్రమంలో 'ప్లీజ్ ప్లీజ్ మీ' పాడారు. మంచు వల్ల బయటకు కదలలేని జనం ఇళ్లలో టెలివిజన్ల ముందే ఉన్నారు. ఇంటావిడ అల్లిక పక్కన పెట్టి, వీళ్లేనా రోజూ మీ కోట్లకు ఆ కంపు అంటిస్తున్నది అని అడిగింది. కొడుకు జవాబు చెప్పలేదు. పాట అయిపోయాక మెల్లగా, ఇక వీళ్లు మనవాళ్లు కారు అన్నాడు.

అతను చెప్పినట్టే జరిగింది. ఆగస్టు 3న వాళ్లు కావెర్న్‌లో చివరిసారి వాయించారు. ఆ రాత్రి నాకు ఆసుపత్రి డ్యూటీ. 1973లో రైల్వే పనుల కోసమని ఆ క్లబ్బును మూయించి, గిడ్డంగిని పడగొట్టి, సొరంగాలను పూడ్చేశారు. ఇప్పుడున్నది 1984లో తిరిగి కట్టింది. నేను చూడటానికి వెళ్లలేదు.

చివరి మధ్యాహ్నం మాత్రం నాకు దక్కింది. 1963 ఫిబ్రవరి 4, సోమవారం. అదే వాళ్ల ఆఖరి మధ్యాహ్న ప్రదర్శన అని నాకు అప్పుడు తెలియదు. సరిగ్గా వారం తర్వాత, ఫిబ్రవరి 11న, లండన్‌లో ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. జలుబుతో ఉన్న లెనన్ ఆఖరి పాటను గొంతు చించుకుని పాడాడు. ఆ రోజు కావెర్న్‌లో జుట్టుకు రోలర్లు చుట్టి పైన స్కార్ఫులు కట్టుకున్న అమ్మాయిలు ముందు వరుసల్లో ఉన్నారు. నేను రెండు గంటలకు వార్డులో ఉండాలి. ఇరవై నిమిషాల నడకను లెక్క వేసుకుని, పాట మధ్యలోనే జనాన్ని తప్పించుకుంటూ బయలుదేరాను. మెట్లమీద సగం దూరం ఎక్కాక కొత్త పాట మొదలైంది. ముగ్గురూ కలిసి పాడుతున్నారు. ఒక్క నిమిషం ఆగాను. వాచీ చూసుకుని మళ్లీ ఎక్కాను. బయట లారీల చక్రాల కింద మంచు నల్లగా గడ్డకట్టి ఉంది. కళ్లద్దాల మీది ఆవిరి అక్కడికక్కడే పలచటి మంచు పొరగా మారింది. వాటిని తీసి జేబులో పెట్టుకుని, చెమటకు తడిసిన కోటు ఒంటిమీద బిగుసుకుపోతుండగా వైట్‌చాపెల్ వైపు నడిచాను.